ఉలి చప్పుడులో లెక్కలు

మొన్న ఫోనులో ఏకాగ్రత పెంచే సంగీతమంటూ ఒకటి దానంతటదే మొదలైంది. నీళ్లు కారే చప్పుడు, వెనకాల వేణువు. ఏకాగ్రత రాలేదు గానీ, లేచి వెళ్లి కుళాయి కట్టేసి ఉందో లేదో చూసి వచ్చాను. నాకింకా ముప్పై నిండలేదు, జ్ఞాపకాలు రాసే వయసు కాదని తెలుసు. కానీ నంద్యాలలో ఈ ఒంటరి గదిలో ఉంటే వయసు కాస్త తొందరగానే వస్తుంది.

మాది ఆళ్లగడ్డ. మా నాయన శిల్పి. ఇంటిని ఆనుకునే ఆయన కొట్టం, అందులో ఆరేడు ఉలులు పొద్దస్తమానం రాళ్లతో వాదిస్తూనే ఉండేవి, ఆ వాదన మధ్యనే నేను ఎక్కాలు నేర్చాను. అవన్నీ ఒక్కసారిగా ఆగేది విగ్రహానికి కళ్లు తెరిచేటప్పుడు మాత్రమే. నాయన కనుపాప చెక్కి ముగించేదాకా మిగతావాళ్లు చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు, నేనూ పలక పక్కన పెట్టేవాణ్ణి.

పెద్దయ్యాక బ్యాంకు పరీక్ష కోచింగుకని నంద్యాల వచ్చి, నిశ్శబ్దంగా ఉంటుందని ఏరికోరి ఈ గది తీసుకున్నాను. పుస్తకం తెరవగానే బుర్ర కూడా చేతులు కట్టుకుని నిలబడేది. మాక్ టెస్టుల్లో నా మార్కులు చూసి పక్కగది అన్న జాలిపడి వీణ వినమన్నాడు. వీణ బాగుంది, లెక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. ఈసారి ఉద్యోగం రాకపోతే ఇంటికొచ్చి ఉలి పడతానని మాటిచ్చి ఉన్నాను, నా చేతిలో పడిన రాయి గతేమిటో నాయనకూ తెలుసు. చివరికి సిగ్గు విడిచి నాయనకే ఫోన్ చేసి, తన ఫోను రాయి పక్కన పెట్టుకుని పని చేసుకోమన్నాను.

"ఏందిరా, ఈడేమన్నా కచేరీ జరుగుతాందనుకుంటివా?"

"మాట్లాడాకు నాయనా, లెక్క చేస్తాండా."

ఆ రోజు నుంచి ఉలి అక్కడ, లెక్క ఇక్కడ. పరీక్ష హాల్లోకి ఫోను రానివ్వరన్న సంగతి మా ఇద్దరికీ ఆలస్యంగా తట్టింది. హాల్లో అదే నిశ్శబ్దం, అదే బిగబట్టిన ఊపిరి. ఇక ఆళ్లగడ్డ బస్సెక్కడమే అనుకుంటుండగా, ఒకరి తర్వాత ఒకరుగా అందరూ కంప్యూటర్ మౌసులు నొక్కడం మొదలుపెట్టారు. హాలంతా చిన్న చిన్న ఉలులు. ఉద్యోగం వచ్చింది, అదీ నంద్యాలలోనే, గది కూడా మారలేదు.

ఇప్పుడు కొట్టంలో కోత మిషన్లు వచ్చాయి, ఉలులు పట్టినవాళ్లు తలో దారి చూసుకున్నారు. నాయన చెవులకు గుడ్డ కట్టుకుని ఉంటాడు, నేను చేస్తే ఫోన్ ఎత్తడు. కళ్లు తెరిచే రోజున మాత్రం మిషన్ ఆపి, తానే ఫోన్ చేసి రాయి పక్కన పెడతాడు. నేనిక్కడ చేతులు కట్టుకుని వింటాను. అది ముగిశాక ఒకప్పుడు ఉలులన్నీ కలిసి మళ్లీ అందుకునేవి. ఇప్పుడు మిషన్ మొదలవుతుంది, ఫోన్ కట్టయిపోతుంది, గదిలో కళ్లు తెరవాల్సిన రాయేదీ లేకపోయినా నేను ఇంకాసేపు అలాగే నిలబడి ఉంటాను.