తలకు తగలని కొంగు

మా మేనత్త పోయిందన్న మాట గుంటూరు నుంచి వస్తూ మిర్యాలగూడ బస్సుల అడ్డాలో దిగగానే నా చెవిన పడింది. మిరపకాయల బస్తా దించుతున్న మా ఊరాయన నన్ను చూసి, "మీ అత్త తెల్లారగట్ల పోయింది బిడ్డా, జెప్పన పో" అన్నాడు. జబ్బు చేసి పోయిందని ఊళ్ళో అంటున్నారు. నేను అనను. ఆమెను నిరుడే చంపారు. చావడానికి ఆమె ఏడాది తీసుకుంది.

ఆమె మా నాన్నకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. విభూది బుధవారం నుంచి ఈస్టరు పండుగ దాకా మా ఊరి గుడి వాకిలి ఆమెది. ఆ ఉపవాసాల్లో ఆకూ వక్కా మానేసేది, కోపం మాత్రం మానేది కాదు. కొంగు జారిన తల కనబడితే జపమాల పట్టుకున్న చేత్తోనే మొట్టేది. గుంటూరు కాలేజీలో చదువుకుంటూ సెలవులకు వచ్చిన నాకు అది మండేది.

"మగవాళ్ళేమో తలరుమాలు తీసి లోపలికి పోతారు. మనమే ఎందుకు కప్పుకోవాలి అత్తా?"

"ఎవలింటికి పోతే ఆ ఇంటి మర్యాద. దేవునింట్ల నీ సదువేంది?"

"కప్పుకోకపోతే?"

"తలకు పొగరెక్కుతది. ఏసుకో పిల్లా."

నిరుడు ఉపవాసాల చివరి రోజుల్లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం. విగ్రహాలన్నిటికీ ఊదారంగు గుడ్డలు కప్పి ఉన్నాయి. పూజ చేసే సామి వేరే ఊరు పోయాడు కనుక సిలువ మార్గం జపం అత్తే నడిపిస్తోంది. పుస్తకం నా చేతిలో ఉంది. యేసు కింద పడే స్థలం చదువుతున్నాను. బయట తుపాకులు పేలాయి. గొర్రెలు కాసేవాళ్ళ గూడెం తగలబడుతోంది. మనిషి కాలే కమురు వాసన కిటికీలోంచి వచ్చింది.

అప్పుడు గూడెం ఆమె ఒకతె లోపలికి వచ్చి పడింది. దొరల మీద తిరగబడి కొండ మీద దాక్కున్న సంఘం వాళ్ళకు రొట్టెలు మోసేది తనే. ఆమె భర్తను కళ్ళెదుటే కాల్చారు. చీర సగం ముళ్ళకంచెకే ఉండిపోయింది, కప్పుకోవడానికి కొంగు లేదు. వట్టి తలతో ఆడవాళ్ళ మధ్య కూర్చుంటే ఆమె మనది కాదని గుడ్డివాడికైనా తెలుస్తుంది.

అత్త లేచి, పండుగ దాకా ఎవరూ తాకకూడని ఆ ఊదాగుడ్డను మరియతల్లి విగ్రహం మీంచి లాగేసింది. ఆమె తలా భుజాలూ చుట్టి తన పక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది.

సంఘం వాళ్ళను వేటాడే తుపాకుల వాళ్ళు బూట్లతోనే లోపలికి వచ్చారు. మగవాళ్ళను గోడకు నిలబెట్టి పళ్ళు రాలేలా కొట్టారు. వాళ్ళ నాయకుడు ఆడవాళ్ళ వరస వెంట నడిచి ఊదాగుడ్డ దగ్గర ఆగాడు.

"నువ్వు సదువు. ఏదో ఒక దువా సదువు."

"అది మాట్లాడదు" అంది అత్త. "మొక్కున్నది. పండుగ దాక నోరు తెరవది."

"అచ్ఛా. సూద్దాం."

నేల మీద ఆనించి ఉన్న గూడెం ఆమె చేతిని బూటుతో తొక్కి మడమ తిప్పాడు. వేళ్ళు విరగడం నాకు వినిపించింది. ఆమె నోరు తెరవలేదు. వాడికి ఒళ్ళు మండి తుపాకీ మడమ ఎత్తాడు. అత్త తన తల అడ్డం పెట్టింది.

నెత్తురు నా పుస్తకం మీద చిందింది. "ముసల్ది సచ్చింది, నడువుండ్రి" అన్నాడు వాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. అత్త నేల మీద నుంచే ఒక కన్ను తెరిచి నన్ను చూసింది.

"మిగిలింది సదువు బిడ్డా. ముందు కొంగేసుకో."

సూర్యాపేట దవాఖానాలో కుట్లు వేశారు. సామి తిరిగి రాగానే అత్త తన పాపాలు చెప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి పోయింది: ఉపవాసాల్లో అబద్ధం ఆడింది, తల్లి మీది గుడ్డ ఎత్తుకుంది. ప్రాయశ్చిత్తంగా సామి ఒక్క జపమాల చెప్పమన్నాడట. "గింతేనా? ఆయన నన్ను సూసి జాలిపడ్డడు, పాపాన్ని సూడలే" అని నెలరోజులు సణిగింది.

దెబ్బ మానలేదు. ఎముక చీము పట్టింది. గుడ్డ తగిలితే అంటుకునేది, తీస్తే తోలుతో సహా వచ్చేది. కప్పుకోకుండానే గుడిలోకి రమ్మన్నాడు సామి. "ఆయన ఒప్పుకుంటే ఒప్పుకోనీ, నేనొప్పుకోను" అంది. ఈసారి ఉపవాసాల్లో ప్రతి ఆదివారం బయట మెట్టు మీద, ఎండలో, పుండు మీద ఈగలు తోలుకుంటూ పూజ విన్నది. పూజలో సామి నాలుక మీద పెట్టే దివ్యసత్ప్రసాదం లేకుండా చస్తానేమోనన్నదే ఆమె భయం. ఊరికి వచ్చిన ఆదివారాల్లో నేను బతిమాలాను, తిట్టాను. కదల్లేదు.

అత్త పోవడానికి ముందు ఆదివారం, గూడెం ఆమె పాలు తెచ్చి ఇంట్లో ఎవరూ లేకపోతే గుడికి వచ్చింది.

"ఎండల కూసున్నవేందమ్మా?"

సంగతి నేను చెప్పాను. ఆమె పాలచెంబు కింద పెట్టింది.

"తల మీద గుడ్డ ఉండాలె, తలకు తగలొద్దు. గంతేనా? లే మరి."

అత్త లేచింది. ఇద్దరూ లోపలికి నడిచారు. అత్త మోకాళ్ళూనింది. వెనక గూడెం ఆమె నిలబడి తన కొంగు రెండు చేతులా చాపి అత్త తల మీద ఎత్తి పట్టింది. నడిపూజలో గంట మోగింది. గుడి అంతా నేలకు వంగింది. ఆమె ఒక్కతే, తన తల మీద ఏమీ లేకుండా నిటారుగా నిలబడి ఉంది. వంకరపోయిన వేళ్ళు కొంగు అంచును పట్టుకుని ఉన్నాయి. కొంగు జారలేదు.