దిగే బస్తాల కరెంటు

1978లో నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపులో పనిచేసేదాన్ని. డిప్లొమా పూర్తయి ఏడాదైంది. ఇతరులు గీసిన సర్క్యూట్లకు సోల్డరింగ్ చేయడమే నా పని. ఆ వేసవిలో మా యజమాని శేషగిరిగారు మొదటిసారి ఒక డిజైన్ నాకు అప్పగించారు.

ఉయ్యూరు వైపు ఒక రైస్ మిల్లులో బస్తాల లిఫ్టు ఉంది. కరెంటు కోతల్లోనూ నడవాలని దానికి బ్యాటరీలు, డీసీ మోటారు పెట్టారు. బ్యాటరీ వోల్టేజీని మోటారుకు సరిపడా తగ్గించే స్విచ్ మోడ్ పవర్ సప్లై మేం చేయాలి. అందులో ట్రాన్సిస్టర్ సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ వోల్టేజీని అదుపులో ఉంచుతుంది.

మిల్లు చూసి రమ్మన్నారు. అంతమంది మగవాళ్ల మధ్య నిలబడి ప్రశ్నలు అడగడానికి సిగ్గేసి, మోటారు వివరాలు ఉత్తరంలో తెప్పించుకున్నాను. మా అలవాటు ప్రకారం మోటారుకు బదులు బల్బుల వరస తగిలించి పరీక్షించాను. చక్కగా పనిచేసింది.

మిల్లులో బిగించిన మూడో రోజున, సప్లైలో కరెంటును కాసేపు నిలవచేసే కెపాసిటర్ పేలింది. మార్చాం. మళ్లీ పేలింది.

"ఇంకోసారి పేలితే మిల్లువాళ్లు పెట్టె వెనక్కి పంపించేస్తారంట. నిన్ను మళ్లీ సోల్డరింగు బల్ల దగ్గర కూచోబెట్టాల్సిందేనమ్మాయ్," అన్నారు శేషగిరిగారు.

ఇక వెళ్లక తప్పలేదు. లిఫ్టు నడిపే ఏసురత్నంగారిని, ఎప్పుడు పేలుతోందని అడిగాను.

"పైకి బంగారంలా లాగుద్దమ్మా. నిండు బస్తాలు దించేటప్పుడే టప్పుమంటది."

"దించుతారా? ఎక్కించడానికే అనుకున్నానండీ."

"ఎక్కించినయ్యి పైనే పెట్టుకుని ఏం చేస్తామమ్మా, పూజలా? లారీకెక్కించొద్దూ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

దిగే బస్తా బరువుకు మోటారు తిరిగి, అదే జనరేటర్ అవుతుంది. కరెంటు వెనక్కి వస్తుంది. నా సప్లైకి కరెంటు ఇవ్వడమే తెలుసు, తీసుకోవడం తెలియదు. వచ్చిన కరెంటుకు దారిలేక కెపాసిటర్‌లో వోల్టేజీ పెరిగిపోతోంది. బల్బు ఎప్పుడూ కరెంటు తిరిగివ్వదు కనుక వర్క్‌షాపులో ఈ సంగతి బయటపడలేదు.

ఒకవైపే దారిచ్చే డయోడ్‌కు జోడుగా రెండో ట్రాన్సిస్టర్ పెట్టాను. ఇప్పుడు కరెంటు ఎటైనా పోగలదు.

"రెండు ట్రాన్సిస్టర్లూ ఒకేసారి ఆనయితే బ్యాటరీ షార్టయిపోద్ది కదా?" అన్నారు శేషగిరిగారు.

"ఒకటి ఆఫయ్యాక కొన్ని మైక్రోసెకన్లు ఆగి రెండోది ఆనవుతుందండీ."

ఆయన నేను గీసిన సర్క్యూట్ కాగితం రెండుసార్లు చూసి, "చేసెయ్," అన్నారు.

మిల్లులో ఏసురత్నంగారు నిండు బస్తాలు దించుతుంటే కరెంటు కొలిచే అమ్మీటర్ ముల్లు సున్నా దాటి ఎడమవైపు వాలింది. బస్తాల బరువు బ్యాటరీని ఛార్జ్ చేస్తోంది. సాయంత్రం దాకా దించారు. ఏదీ పేలలేదు.

తర్వాతి వారం శేషగిరిగారు ఇంకో డిజైన్ నా ముందు పెట్టారు. మోటారు వివరాలు చదవకముందే, "దీన్ని నడిపేది ఎవరండీ? ముందు వారితో మాట్లాడాలి," అన్నాను. ఆ మాట అనడానికి నాకు రెండు కెపాసిటర్లు ఖర్చయ్యాయి.