ఆటలోకి ఎక్కని బస్సు

"కంప్యూటర్ని ఎవరు ఆపేసినారు? సగం కాపీ అయి ఉండె అవ్వా!"

"నేనే. గదిలో మనిషి లేకుంటే కరెంటు ఎవరి కోసం కాలాల?"

"నాయన బస్సును ఎక్కిస్తా ఉండానని చెప్పిపోయినా కదా!"

"పొద్దున్నించీ ఎక్కిస్తానే ఉండావు. నిజం బస్సైతే ఈపాటికి దేవనహళ్ళికి పోయి వచ్చుండు."

"నీతో అయ్యేది కాదప్పా!"

సింధు మళ్ళీ మొదటి నుంచి కాపీ చేసి, కంప్యూటర్లో బస్సు ఆట తెరిచి చూసింది. బస్సు రాలేదు. విసుగ్గా పాల ప్యాకెట్ కోసం కిందికి దిగింది.

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. శ్మశానం గోడ పక్కన బిల్డింగు పనిలో ఇటుకలు మోసి, అక్కడే సద్ది తిని, అక్కడే కునుకు తీసిన దాన్ని.

సింధు నా మనవరాలు. వాళ్ళ నాయన, నా కొడుకు రమణ, కె.ఆర్.పురం నుంచి దేవనహళ్ళికి ప్రైవేటు బస్సు నడిపేవాడు. ఇంటికొచ్చాక కూడా కంప్యూటర్లో బస్సు ఆటే. కూతురితో కలిసి అచ్చం తన బస్సు లాంటిదే ఆ ఆట కోసం తయారు చేసుకున్నాడు. స్టాపుల పేర్లు తన గొంతుతోనే రికార్డు చేశాడు.

రమణ గుండెపోటుతో పోయాడు. ఆ గందరగోళంలో వాడి ఫోను కూడా పోయింది. వాడి గొంతు మాకు మిగిలింది ఆ బస్సులోనే.

తర్వాత సింధు ఉద్యోగం కోసం ఊరికి ఇంకో కొసనున్న హెబ్బగోడికి వచ్చేశాం. పాత కంప్యూటర్ చెడిపోయింది, కానీ బస్సును సింధు ముందే పెన్‌డ్రైవ్‌లో దాచిపెట్టింది. కొత్తది వద్దని నేనే గట్టిగా చెప్పాను. సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి, ఖర్చు లేదని విండోస్‌కు బదులు లినక్స్ వేసుకుంది. ఆట వచ్చింది, నాయన బస్సు రాలేదు. నెట్‌లో చెప్పేవన్నీ విండోస్‌కేనట. వాళ్ళు చెప్పిన ఫోల్డరు ఇందులో లేదు. తనే ఒకటి చేసి బస్సును అందులో పెట్టింది. ఆట దాన్ని కన్నెత్తి చూడలేదు.

ఆ సాయంత్రం సింధు పాలకు వెళ్ళినప్పుడు, తెర మీద ఆటతో పాటు వచ్చిన ఎర్ర బస్సు ఆగి ఉంది. నేను అనపకాయలు ఒలుస్తున్నాను.

స్పీకర్లోంచి రమణ గొంతు వచ్చింది. "హెబ్బగోడి, హెబ్బగోడి. అమ్మా, మనిల్లు వచ్చె. మెల్లిగా దిగు."

వాడి బస్సు ఎక్కితే అందరి ముందూ నాకు అలాగే చెప్పేవాడు. కానీ వాడి బస్సు ఎన్నడూ హెబ్బగోడి వైపు రాలేదు. ఈ ఇల్లు వాడు చూడనే లేదు.

సింధు రాగానే చెప్పాను.

"కునుకు పట్టిందేమో అవ్వా."

"కాయలు ఒలుస్తా నిద్రపోతారా ఎవరన్నా?"

చాటలోని గింజలు చూసింది. తర్వాత నా మొహం చూసింది. 

మరుసటి రోజు పొద్దున తప్పు దొరికింది. ఆ ఆటను లినక్స్‌లో తలుపేసిన గదిలో ఉంచినట్టు ఉంచుతారట. అనుమతి ఇస్తే తప్ప బయటి ఫోల్డరు దానికి కనబడదట. అనుమతి ఇవ్వగానే నాయన బస్సు వచ్చేసింది. అంటే ముందురోజు ఆ ఆటకు వాడి గొంతు అందే దారే లేదు.

వాడు రికార్డు చేసినవన్నీ ఇద్దరం కూర్చుని విన్నాం. కె.ఆర్.పురంతో మొదలై దేవనహళ్ళితో అయిపోయాయి. హెబ్బగోడి లేదు. అమ్మా అన్న పిలుపూ లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఇప్పటికీ చెప్పలేను.

సింధు పనికి టైమైందని లేచింది. చెప్పులేసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"నన్ను పిలవలేదా అవ్వా?"

లేదన్నాను. తలూపి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.