కల్లంలో ఆరబెట్టిన హార్డ్ డిస్కు

టైపు చేయడం కొత్త, తప్పులుంటే మన్నించండి. నేను చదివింది ఊళ్లో ఐదో తరగతి వరకే.

మా అన్నయ్య పద్యాలు బాగా పాడేవాడు. గొంతు ఆపరేషనయ్యాక మాట పోయింది. అంతకుముందు రికార్డు చేసినవన్నీ నా పాత ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. మొన్నటి వానకు ఇల్లు కారి అది తడిసింది. హార్డ్ డిస్కు ఊడదీసి, మిరపకాయలతో పాటు కల్లంలో రెండు రోజులు ఎండబెట్టాను. చెమ్మకు మాకు తెలిసిన వైద్యం అదే.

ఈ రోజు దాన్ని పట్టుకుని గుంటూరులో, విడిభాగాలతో ల్యాప్‌టాప్ తయారుచేసిచ్చే షాపుకు వెళ్లి, కొత్తదొకటి చేసిమ్మన్నాను.

"కొత్త డిస్కు ఎంతది వేయమంటారండీ?" అన్నాడు మెకానిక్కు.

"మా అన్నయ్య పద్యాలు పట్టేంత."

నవ్వి కొత్తది బిగించాడు. పాతదాన్ని సీడీ పెట్టే చోట అమర్చాడు. అది తిరగలేదు. తీసి వాసన చూశాడు.

"ఇదేంటండీ, మిరపకాయ ఘాటు? ఎండలో పెట్టారా? తడిదాన్ని తడిగానే తెచ్చుంటే ఏదో తంటాలు పడేవాళ్లం పెద్దాయనా. ఇప్పుడు నా వల్ల కాదు."

ఇంటికొచ్చాను. కొత్త ల్యాప్‌టాప్ చూడగానే అన్నయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టి, పద్యం పెట్టమని సైగ చేశాడు. కరెంటు లేదన్నాను. మా ఇద్దరి నెత్తిమీదా ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఏదైనా దారి తెలిసినవాళ్లు త్వరగా జవాబు రాయండి. రేపు మళ్లీ అడుగుతాడు.