తారు రోడ్డు మీద లంగరు

చిన్నీ, బుజ్జీ, నిన్న ఫోన్లో అడిగారు కదా, "అమ్మమ్మా, కారెక్కే ముందు తాతయ్య ప్రతిసారీ డిక్కీ తెరిచి ఏం చూస్తారు?" అని. చెబుతాను. ఈ దీవిలో మా పుట్టింటి పేట, జంగ్లీఘాట్ జంగ్లీఘాటంతా పరుగులు పెట్టిన సంగతి ఇది. మీరు నవ్వండి గానీ విశాఖలో మీ అమ్మకి చెప్పకండి. అది ఇంకా నన్ను నెమ్మదస్తురాలిననే అనుకుంటోంది.

అది పుట్టకముందు మాట. మీ తాతయ్య డాలీగంజ్‌ బడిలో లెక్కల మాస్టారు. అయితే ఆయన చేతిలో సుద్దముక్క కన్నా స్పానరే ఎక్కువగా కనిపించేది. బదిలీ మీద వెళ్లిపోతూ ఎవరో వదిలేసిన పాత కిట్ కారు ఒకటి ఇంటికి తెచ్చారు. కిట్ కారంటే పెట్టెల్లో ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఇంట్లోనే బిగించుకోవాలి. దానికి పైకప్పు లేదు. ఉప్పుగాలికి చక్రాలు ఎంత తుప్పు పట్టాయంటే, వేలితో పొడిస్తే అవతల తేలేది. టైర్లు మా అయ్య బట్టతలలా నున్నగా మెరిసేవి. బ్రేకు తొక్కితే కారు ఆగేది కాదు, ఏడ్చేది.

తాతయ్య సెలవులన్నీ దాని కిందే పడుకుని, పాత సామాన్ల దుకాణంలో దొరికిన జీపు చక్రాలు బిగించారు. బ్రేకు షూలు మాత్రం అప్పడాల్లా అరిగిపోయాయి. కొత్తవి మా దీవికి మద్రాసు నుంచి ఓడలో రావాలి. సముద్రం బాగోలేదు, ఓడ లేదు. నాకేమో ఆత్రం. కారు బాగయ్యాక తాళం నా చేతికే ఇస్తానని ఆయన మాటిచ్చారు మరి! మా వీధిలో స్టీరింగు పట్టిన ఆడది అప్పటికి లేదు.

"ఓడ రానీ నూకాలూ."

"ఏవండీ, ఆ ఓడకి బ్రేకులున్నాయా?"

"లేవు."

"మరెలా ఆగుతుంది?"

తాతయ్య నా మొహంలోకి చూసి స్పానరు కింద పెట్టేశారు. "వద్దు. నువ్వనుకుంటున్నది వద్దు."

నేనేమో చేపల వేటకెళ్లే ఇంటి పిల్లని. మా అయ్య లంగరేస్తే నావ నిలబడిపోవడం చూస్తూ పెరిగాను. నావ ఆగినప్పుడు కారెందుకు ఆగదు? అయ్య దగ్గర మూలనపడ్డ లంగరు తెచ్చి డిక్కీలో పెట్టి, తాడు వెనక బంపరుకి కట్టాను. వాన వెలిసిన మైదానంలో పరీక్ష. లంగరు బురదలో దిగబడింది, కారు తాడు బిగిసిన దూడలా ఠక్కున ఆగింది.

"తాళం ఇలా ఇవ్వండి."

"బురదలో ఎవరైనా ఆపుతారు. జంగ్లీఘాట్‌లో మీ అయ్య ఇంటి ముందు ఆపు, తాళం నీది. ఆగలేదో, జన్మలో స్టీరింగు ముట్టకూడదు."

నేను వెనక్కి తగ్గుతానని ఆయన లెక్క. లెక్కల మాస్టారు తప్పిన లెక్క అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర, లంగరు ఒళ్లో పెట్టుకుని ఆయన వెనక సీట్లో. జంగ్లీఘాట్ దిగుడు వచ్చింది.

"వెయ్యండి!"

వేశారు. తారు రోడ్డు బాబూ అది, బురద కాదు! ఠంగ్, ఠంగ్, ఠంగ్‌మని నిప్పులు రాలుస్తూ, గొలుసు కట్టిన కుక్కపిల్లలా లంగరు మా వెంటే గెంతుతోంది. కుల్ఫీ బండి గంటనుకుని ఒకావిడ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఎదురుగా వస్తున్న ఆటో అతను గొంతు చించుకున్నాడు.

"దీదీ, బ్రేక్ మారో, బ్రేక్!"

"బ్రేక్ నహీఁ హై భయ్యా, లంగర్ హై!"

పాపం, ఆటో అక్కడే వదిలేసి కిళ్లీ కొట్టులోకి దూకాడు.

"నూకాలూ, ఆపవే!"

"ఆపాల్సింది మీరండీ! లంగరు మీ డ్యూటీ!"

రోడ్డు చివర పడవల రేవు. వెదురు గుంజల మీద వలలు ఆరేసి ఉన్నాయి. వాటి పక్కనుంచి వెళ్తుండగా లంగరు ఒక గుంజకి తగులుకుంది. తాడు బిగిసింది. కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. సరిగ్గా మా అయ్య ఇంటి ముందు! సంతోషం పట్టలేక తాతయ్య లేచి నిలబడ్డారు. అదే సమయానికి గుంజ ఫెళ్లున విరిగి, వలంతా ఆయన మీద పడింది. ఎంత కొట్టుకుంటే అంత చుట్టుకుపోయారు.

నోట్లో వేపపుల్లతో మా అయ్య బయటికొచ్చాడు.

"ఏటే నూకాలూ, ఆ సప్పుడు? వల్లో ఏటి పడ్డాది?"

"నీ అల్లుడు, అయ్యా."

అయ్య వల చుట్టూ తిరిగి తీరిగ్గా చూశాడు. "పెద్దదే పడ్డాది గానీ, బజార్లో ఎవుడూ కొనడు. ఒదిలీయండ్రా."

రేవంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుల మధ్య, వల కన్నంలోంచి మెల్లగా ఒక చెయ్యి బయటికొచ్చింది. అందులో తాళం.

"ఆగింది కదా," అన్నారు లోపలినుంచి.

ఓడ ఆ మర్నాడే వచ్చింది, బ్రేకులూ పడ్డాయి. కానీ తాతయ్య నన్ను వదల్లేదు. లంగరు మీద చెయ్యేసి ఒట్టు పెట్టమన్నారు. పెట్టాను, "ఈ జన్మలో గానీ మరే జన్మలో గానీ కారు డిక్కీలో లంగరు పెట్టను" అని. ఇన్నేళ్లలో మాట తప్పలేదు. ఆయన డిక్కీ తెరిచి చూసుకుని, తృప్తిగా వచ్చి నా పక్కన కూర్చుంటారు.

తను కూర్చున్న సీటు కిందకి మాత్రం ఎందుకో ఎప్పుడూ వంగి చూడరు.