అవ్వ ముఖం పడని ఫొటో

ఈ రోజు సాయంత్రం స్టూడియో నుంచి మా అవ్వ ఫొటో తెచ్చాను. రేపు ఆమె దినాలకు దండ వేయడానికి మాకున్నది ఇదొక్కటే. అక్కడే కవరు విప్పితే తెల్ల చీర కొంగు నేతతో సహా కనిపించింది. దాని కింద, ముఖం ఉండాల్సిన చోట, నల్లటి నీడ ఉంది.

పోయిన నెల కాలేజీ మిత్రుడి కెమెరా తెచ్చి, కామాటిపుర ఏడో గల్లీలోని మా చాల్ గదుల ముందరి గ్యాలరీలో ఆమెను కూర్చోబెట్టాను. మగవాళ్ళు తిరుగుతున్నారని కొంగు నుదుటి దాకా లాక్కుంది. దాన్ని కాస్త వెనక్కి జరపమని నేను అనలేదు. పుస్తకంలో చదివినట్టే కెమెరాలో వెలుతురు కొలిచే ముల్లు మధ్యకు వచ్చేదాకా రింగు తిప్పి, దూరం నుంచి నొక్కాను.

స్టూడియో మామ ఫొటో చూసి తల అడ్డంగా ఊపాడు.

"అరె బేటా, కెమెరా గా తెల్ల చీరెను జూసి మస్తు ఎల్తురున్నదని జూపింది, నువ్వు తగ్గిస్తివి. అవ్వ మొకం కాడికి పోయి కొలవకపోతివా?"

"ఇప్పుడేమన్న చెయ్యొచ్చా మామా?"

"ఫిలిం మీద పడనిది నేనేడికెల్లి తేవాలె?"

ఫొటోకు ఎంత వెలుతురు కావాలో చెప్పే ఆ ఎక్స్‌పోజర్ పుస్తకం నేను రెండుసార్లు చదివి, నోట్సు కూడా రాసుకున్నాను. అవ్వ ఏ పుస్తకమూ చదవకుండానే ఆ రోజు చెప్పింది: "గంత దూరం నిలవడితె నేనేం గనవడ్త బిడ్డా, దగ్గెరికి రా." కదలొద్దని కసిరాను.

ఈ కాగితం మన గల్లీ రీడింగ్ రూము బోర్డుకు అంటిస్తున్నాను. మీ ఇంటి పెళ్ళి ఫొటోల్లో ఏ మూలనైనా, కొంగు కాస్త జారిన మా అవ్వ నిలబడి ఉందేమో చూసి చెప్తారా?