పండుగ మోపైంది

మా భూపాలపల్లిలో పండుగ వస్తోందని ఎవరూ అనరు, మోపైందంటారు. దగ్గరపడింది, ఇక తప్పించుకోలేవు అని దానికి అర్థం. మా ఇంట్లో ఆ మాట హుకుం. "పండుగ మోపైంది, గోడలకు సున్నమెప్పుడేస్తవ్?" అని నా భార్య అడిగిందంటే నేను నిచ్చెన వెతుక్కోవాల్సిందే. నేను గుమాస్తాగా పనిచేసే ఆఫీసులో మాత్రం అదే మాట పని ఎగ్గొట్టడానికి పనికొచ్చేది. దాన్ని నాకంటే బాగా వాడినవాడు మా ఆఫీసులో లేడు.

రేగొండ దిక్కు నుంచి ఒక అవ్వ వచ్చింది. పింఛను దరఖాస్తులో ఆమె వయసు అరవై మూడుకు బదులు ముప్పై ఆరు అని పడింది. ఆధార్ కార్డు చూసి రెండంకెలు తిరగేసి, సారు సంతకానికి పంపితే అయిపోయే పని.

"వినాయక చవితి మోపైంది గదవ్వా, సార్లంతా పరేషాన్ల ఉన్నరు. ఎల్లినంక రా," అన్నాను.

నిమజ్జనమైన మర్నాడే వచ్చింది.

"బతుకమ్మ మోపైంది."

దసరా వెళ్ళాక వచ్చింది. దీపావళి మోపైందని చెప్పాను. ఆమె ఒక్కసారీ గొడవ పడలేదు. "మంచిది బిడ్డా" అని తల ఊపి, బస్సెక్కి పోయేది. అమాయకురాలనుకున్నాను.

దీపావళి అయిన మూడోరోజు మళ్ళీ నా బల్ల ముందు నిలబడింది. చుట్టుపక్కల పండుగేదీ కనబడలేదు. అయినా అలవాటుపడిన నోరు ఊరుకోలేదు.

"మేడారం జాతర మోపైతాంది గదవ్వా..."

"జాతరకింక మూడు నెలల మీదున్నది కొడుకా," అందామె. "అమ్మలింక గద్దె మీదికే రాలె. నువ్వప్పుడే మొక్కులకు బయలెల్లినవా?"

పక్క సీటాయన తాగుతున్న ఛాయ్ ముక్కులోకి పోయి దగ్గాడు. వరుసలో ఉన్నవాళ్ళు గట్టిగానే నవ్వారు. ఆమె నవ్వలేదు. బల్ల మీది తెల్లకాగితం ఒకటి నా ముందుకు జరిపింది.

"నాకు సదువు రాదు. ఏ దినం ఏ పండుగ మోపుగాదో గిండ్ల రాసియ్యి. గా దినమే వస్త. ముప్పై ఆరేండ్ల పిల్లనే గద, ఎన్నిసార్లయిన తిరుగుత."

నా చెవులు వేడెక్కాయి. "జర కూసో అవ్వా," అని కుర్చీ లాగి వేశాను. కంప్యూటర్లో అంకెలు మార్చి, కాగితం తీసి, నేనే సారు గదిలోకి పట్టుకుపోయాను. ఆయన ఫోన్లో మాట్లాడుతూనే సంతకం పెట్టాడు. పది నిమిషాలు పట్టలేదు.

కాగితం అందుకుని ఆమె, "ఒక్కపారే ముసల్దాన్ని జేస్తివి గద," అంది. ఇప్పుడు నవ్వింది.

సాయంత్రం ఇంట్లో అన్నానికి కూర్చున్నప్పుడు ఈ సంగతి విని నవ్వుతుందని నా భార్యకు చెప్పాను. ఆమె చేతిలో గరిటె ఆగింది.

"అంటే ముసలామెను రెండు నెలలు తిప్పినవా?"

గరిటెతోనే లోపలికి పోయింది. పళ్ళెంలో అన్నమే ఉంది. కూర వేయమని పిలిచే ధైర్యం నాకు లేకపోయింది.